గడ మీది శిష్యుడు చెప్పిన ధమ్మం



ఉపాసకులారా, ఉపాసికలారా, ఈసారి దొమ్మరాట గురించి మాట్లాడుకుందాం. ధమ్మానికీ దొమ్మరాటకీ ఏం సంబంధమని నవ్వొద్దండి. ఈ పోలిక బుద్ధుడే తెచ్చినాడు.

సుంభుల దేశంలో సేదకం అనే ఊర్లో భగవానుడు భిక్ఖులకు చెప్పిన సుత్తం ఇది. సంయుత్త నికాయంలో ఉంది. ఒక గడ ఆటగాడు వెదురు గడ నిలబెట్టి, మేదకథాలిక అనే శిష్యుణ్ని గడెక్కి తన భుజాల మీద నిలబడమన్నాడు. వాడు నిలబడినాక, నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటా, ఆట చూపించి నాలుగు డబ్బులు తెచ్చుకొని క్షేమంగా దిగుదాం అన్నాడు. శిష్యుడు ఒప్పుకోలేదు. అట్ల కాదు గురువుగారూ, మీ తూకం మీరు చూసుకోండి, నా తూకం నేను చూసుకుంటా, అట్లయితేనే ఇద్దరం క్షేమంగా దిగుతాం అన్నాడు. శిష్యుడిదే సరైన పద్ధతని బుద్ధుడు అన్నాడు. అక్కడితో ఆగలేదు. సాధనతో తన్ను కాపాడుకునేవాడు ఎదుటివాణ్నీ కాపాడతాడు; ఓర్పు, అహింస, మైత్రి, దయతో ఎదుటివాణ్ని కాపాడేవాడు తన్నూ కాపాడుకుంటాడని వివరించినాడు.

ఆ ఆటగాణ్ని పాళీలో చండాలవంసిక అన్నారు. వంస అంటే వెదురు. ముందున్న మాట ఏందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. సతి అంటే ఏందో చెప్పడానికి ఇక్కడ రాజును తేలేదు, పండితుణ్ని తేలేదు. వీధిలో గడెక్కి పొట్ట పోసుకునేవాళ్లను తెచ్చినాడు. అందులోనూ మాట నెగ్గింది శిష్యుడిది!

ఆ గడ మనకు కొత్తదా? జమ్మలమడుగు పక్కన దొమ్మరనంద్యాల అని ఊరి పేరులోనే దొమ్మరి ఉంది. డోలు కొట్టి, గడ పాతి, పిల్లను పైకెక్కించే ఆటను మన పెద్దోళ్లు కళ్లారా చూసినోళ్లే. ఆట ఆడినంతసేపు చప్పట్లు కొడతారు. ఆట అయిపోయినాక ఆ కులం పేరునే తిట్టుగా వాడతారు. బ్రహ్మంగారిమఠానికి శివరాత్రికి జనం బండ్లు కట్టుకొని వస్తారు. బ్రహ్మంగారి శిష్యుల్లో సిద్ధయ్య దూదేకుల బిడ్డ, కక్కయ్య మాదిగ బిడ్డ. ఆ కథ పాడుకుంటారు, ఏడుస్తారు. ఇంటికి పోయినాక ఎవరి గేరి వాళ్లది.

అంటరానితనమంటే తాకకూడదనే కట్టడే కదా. 1950 నుంచి రాజ్యాంగం 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది. చట్టం తాకనివ్వనివాణ్ని శిక్షిస్తుంది గానీ తాకే అలవాటును అది నేర్పదు. భుజం మీద పాదం పెట్టాలంటే ముందు ఆ భుజాన్ని పట్టుకోవాల. పడిపోతుంటే ఎవరి చెయ్యని చూడకుండా అందుకోవాల.

దీన్ని లోకంలో చేసి చూపించినోళ్లున్నారు. ఇజ్రాయెల్‌లోని గలిలీ ప్రాంతంలో 2003లో యూదు పిల్లలకూ అరబ్బు పిల్లలకూ కలిపి సర్కస్ నేర్పడం మొదలుపెట్టినారు. దాని పేరు గలిలీ సర్కస్. పక్కపక్క ఊర్లే, బడులు వేరు, భాషలు వేరు. ఒకరి మీద ఒకరు నిలబడాలంటే హీబ్రూ, అరబిక్ రెండూ కొంచెం కొంచెం రావాల్సిందే. 2007లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి సర్కస్ హార్మొనీ పిల్లలు వచ్చి వీళ్లతో కలిసి ఆడినారు. ఆ సంస్థ కూడా నల్ల పిల్లలనూ తెల్ల పిల్లలనూ ఒక్కచోట చేర్చి నేర్పేదే. అక్కడ యుద్ధాలు దీనితో ఆగలేదు. సర్కస్‌తో ఆగుతాయని నేనూ చెప్పను. కానీ శత్రువని విని పెరిగిన పిల్లోని చెయ్యి పట్టుకున్న పిల్లకు ఆ చెయ్యి వేడి తెలుస్తుంది.

బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ తొలి సంచికలో మన సమాజాన్ని మెట్లు లేని అంతస్తుల మేడతో పోల్చినారు. ఏ అంతస్తులో పుట్టినోడు ఆ అంతస్తులోనే చావాల. పిల్లలు కట్టే పిరమిడ్‌కూ అంతస్తులుంటాయి. బలమున్నోడు కింద, తేలికైనోడు పైన. రేపు ఆట మారితే చోటు మారుతుంది. కిందున్నోడు కదిలితే పైనోడు పడతాడు గనక కిందున్నోణ్ని ఎవరూ చిన్నచూపు చూడలేరు.

ఇక మన ఇంటి సంగతి. త్రిశరణం తీసుకున్నాం, 22 ప్రతిజ్ఞలు చేసినాం. అయినా మాల ఇంటి పిల్లోడు, మాదిగ ఇంటి పిల్లోడు విహారంలో వేరువేరు గుంపులుగా కూర్చోవడం కనిపిస్తూనే ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు ఇచ్చినాక పెద్దల మాటలు ఇంకా గట్టిపడినాయి. తీర్పు మీద మీ అభిప్రాయం మీది, వాదించుకోండి, తప్పులేదు. ఆ కోపాన్ని పదేండ్ల పిల్లోని నెత్తిన పెట్టొద్దు. దొమ్మరి పిల్లలను మన వీధిలోకి ఎంతమందిమి పిలిచినాం? దూదేకుల పిల్లలను? ఊర్లోని రెడ్ల పిల్లలు వస్తామంటే రానిస్తామా?

ఆదివారం వందన అయినాక ఒక గంట చాలు. గడ ఆట తెలిసిన పెద్దాయన్ను వెతకండి, గురువుగారూ అని పిలవండి, కూలి కాదు, గురుదక్షిణ ఇవ్వండి. మొదటి నెల గడ జోలికి పోవద్దు. మూడు బంతులు ఎగరేయడం, ఒకరి మోకాళ్ల మీద ఒకరు నిలబడడం, అంతే. కింద మెత్తటి పరుపులు, పక్కన ఇద్దరు పెద్దోళ్లు తప్పనిసరి. ఇంకొకటి, పిల్లలతో డబ్బులకు ఆడించొద్దు. సర్కస్‌లలో పిల్లలను పనికి పెట్టడాన్ని సుప్రీంకోర్టు 2011లోనే నిషేధించింది. ఇది నేర్చుకోవడానికే, ప్రదర్శనకు పంపడానికి కాదు.

జోడీలు మాత్రం చీటీలు వేసి తీయండి. పిల్లలను వాళ్లకు వాళ్లే ఎంచుకోమంటే గేరి పిల్లోడు గేరి పిల్లోణ్నే పిలుస్తాడు. చీటీ చూసి ఏ తల్లయినా తన బిడ్డను వెనక్కి లాగితే ఆమెను నలుగురిలో నిలదీయొద్దు. సాయంత్రం ఇంటికి పోయి కూర్చొని సేదక సుత్తం చదివి వినిపించండి. వచ్చే ఆదివారం ఆ బిడ్డ పేరుతో మళ్లీ చీటీ వేయండి.

జై భీమ్.