మట్టే కదా అనే ముందు

హైదరాబాద్ శిల్పారామంలోనో, హర్యానాలో ఏటా జరిగే సూరజ్‌కుండ్ మేళాలోనో మట్టిపాత్రల అంగడి ముందు ఆగుతాం. కూజా చేతిలోకి తీసుకుని, "మట్టే కదా, ఇంత ధరా?" అనేస్తాం. ఆ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది.

మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, నానబెట్టి, కాళ్లతో తొక్కాలి. సారె మీద కుండ లేవడానికి నిమిషాలు చాలు. నీడలో ఆరడానికి రోజులు పడతాయి. ఎండలో తొందరపెడితే బీట వారుతుంది. కుండలు కాల్చే ఆవంలో వేడి సుమారు 600 డిగ్రీలు దాటితేనే మట్టి మళ్లీ నీళ్లలో కరగని పాత్రవుతుంది. వానాకాలమంతా ఈ పనికి గండమే.

సారె తిప్పేది ఒకరు. తొక్కేది, ఆరబెట్టేది, నునుపు చేసేది, గడ్డిలో సర్దేది ఇంటిల్లిపాదీ. వాళ్ల కూలి ఏ లెక్కలోనూ కనపడదు. బండి కిరాయి, దారిలో పగిలినవి, పరాయి ఊళ్లో తిండి, బస, అన్నీ ఆ కూజా ధరలోంచే రావాలి.

ఈసారి మేళాకు వెళ్తే, ఆ మట్టి ఎక్కడిదో అడగండి. కుండను వేలితో మీటండి. బాగా కాలినది ఖంగుమంటుంది. నచ్చితే వాళ్లు చెప్పిన ధరకే కొనండి.