ఆల్డుయిన్ చచ్చాక

ఆల్డుయిన్ చచ్చినంత మాత్రాన స్కైరిమ్ ఆట అయిపోదు. లోకాన్ని మింగడానికి వచ్చిన ఆ డ్రాగన్‌ను సోవన్‌గార్డ్‌లో, అంటే ఆ ఆటలోని వీరస్వర్గంలో, పూర్వకాలపు వీరులు ముగ్గురిని తోడు చేసుకుని చంపుతాం. తిరిగి భూమ్మీదికి, మంచుకొండ కొమ్ము మీదికి వస్తాం. మిగిలిన డ్రాగన్లు చుట్టూ చేరతాయి. ఆ తర్వాత కొండ దిగాలి. వైట్‌రన్ ఊరికి వెళ్తే, ఒకప్పుడు తానూ సాహసాలు చేసినవాడినేననీ మోకాలికి బాణం తగిలి మానేశాననీ కాపలావాడు ఎప్పటిలాగే చెప్పుకుంటాడు. ప్రళయం ఆగిందన్న సంగతి ఆ మాటల్లో ఎక్కడా వినిపించదు.

2011 నవంబరులో బెథెస్డా సంస్థ విడుదల చేసిన ఆట ఇది. నా చేతికి చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. తమ్ముడు అమెరికా వెళ్తూ రాజమండ్రిలో మా ఇంట్లో వదిలిపెట్టిన కంప్యూటర్‌లో ఉండేది. బ్యాంకు నుంచి వచ్చి, వంటిల్లు సర్దుకుని, పిల్లలు పడుకున్నాక కూర్చునేదాన్ని. ఆ లోకమంటే నాకు నిజంగా ప్రేమ. చలిరాత్రి ఆకాశంలో పచ్చగా కదిలే ధ్రువకాంతులు, వాటి వెనక జెరెమీ సోల్ కట్టిన సంగీతం. దారి పక్కన నీలిపువ్వు కోసి నోట్లో వేసుకుంటే దాని గుణం ఒకటి తెలుస్తుంది. రెండు మూలికలు కలిపి మందు కాచుకోవచ్చు. కత్తియుద్ధాల కన్నా నాకు ఆ మందుల పని ఎక్కువ ఇష్టంగా ఉండేది.

నెలల తరబడి అలా సాగాక ఇష్టం పోయింది. ఒక్క రోజులో పోలేదు. పెట్టె నిండా బంగారం చేరింది, కొనడానికి ఏమీ మిగల్లేదు. నేను కాచిన మందులకు సరిపడా డబ్బు అంగళ్లలో ఉండేది కాదు. పనులు మాత్రం తరగవు. ఈ ఆటలో కొన్ని పనులను యంత్రమే అప్పటికప్పుడు అల్లుతుంది. మూస ఒకటే ఉంటుంది. అందులో ఒక గుహ పేరు, చంపవలసిన ఒకరి పేరు, తేవలసిన ఒక వస్తువు పెట్టి మన చేతికిస్తుంది. హంతకుల ముఠాలో చేరినవారికి ఆ ముఠా కథ ముగిశాక కూడా హత్యల పని వస్తూనే ఉంటుంది, ఎంత కాలమైనా. ఆ అల్లిక కంటికి కనిపించిందంటే ఇక గుహలో అడుగుపెట్టబుద్ధి కాదు. ఒక రాత్రి వైట్‌రన్ బయట పొలాల మధ్య నిలబడి, ఏ దిక్కుకూ వెళ్లాలనిపించక ఆట మూసేశాను. మరునాడు తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు.

మా నాన్న తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. వీధి చివర గుడిలో సాయంత్రాలు పురాణం చెబుతారు. నేను ఆట మానేశానని విని, "పోనీలే అమ్మా, విరక్తి కలిగింది, మంచిదే" అన్నారు. ఆ మాట నాలో చాలాకాలం నలిగింది. ఇది విరక్తేనా? పురాణం విన్నంతసేపూ ఉండే వైరాగ్యం, పురిటినొప్పుల్లో వచ్చే వైరాగ్యం, శ్మశానంలో కలిగే వైరాగ్యం అని మనవాళ్లు మూడింటిని చెబుతారు, మూడూ నిలవనివే. నాది ఆ మూడింటిలోనూ చేరదు. నొప్పి లేదు, చావు లేదు, ఎవరూ బోధించలేదు. ఇష్టం దానంతటదే ఆరిపోయింది.

"యయాతికి ఆరలేదు కదా నాన్నా?" అని అడిగాను. శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం మీదపడితే యయాతి కొడుకులను యౌవనం ఇమ్మని అడిగాడు. నలుగురు కాదన్నారు, చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. వెయ్యేళ్లు అనుభవించాక ఆయన తేల్చుకున్నది, అనుభవిస్తే కోరిక చల్లారదు సరికదా నెయ్యి పోసిన అగ్నిలా పెరుగుతుందని. మరి నాకెందుకు చల్లారింది? నాన్న నవ్వి, "చల్లారలేదు తల్లీ, చోటు మారింది" అన్నారు. నిజమే. వారం తిరక్కుండానే నా మనసు విచర్ అనే మరో ఆట మూడో భాగం వైపు వెళ్లింది. భోగాలకు దూరంగా ఉన్నవాడి నుంచి భోగ్యవస్తువులు తొలగిపోతాయి కానీ వాటి మీది రుచి లోపల మిగిలే ఉంటుందని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది సరిగ్గా నా సంగతే.

అంతవరకూ నాన్న మాటే నెగ్గింది. అక్కడ ఆపేస్తే మాత్రం ఒక పెద్ద విషయం చేజారిపోతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

స్కైరిమ్ మారలేదు. నేను ఇష్టపడిన రాత్రి ఎలా ఉందో, ఇష్టం పోయిన రాత్రీ అలాగే ఉంది. అవే ధ్రువకాంతులు, అదే సంగీతం, అదే పువ్వు. బతుకులో ఇలాంటి వస్తువు ఇంకొకటి నాకు తారసపడలేదు. చీర వెలుస్తుంది, ఇల్లు పాతబడుతుంది, స్నేహితురాలు పెళ్లయి దూరమవుతుంది. ఇష్టం తగ్గినప్పుడు, అదిగో అది మారింది, అందుకే తగ్గింది అని చెప్పుకోవడానికి ఎప్పుడూ ఒక వంక దొరుకుతుంది. ఇక్కడ వంక లేదు. ఎదుట ఉన్నది రవ్వంత కూడా మారకుండా దాని తీపి పోయిందంటే, ఆ తీపి మొదటినుంచీ దానిలో లేదు. నేను తెచ్చి పోసిందే. మూసను కనిపెట్టాక ఇష్టం పోయింది కదా అనవచ్చు. కానీ మూస మొదటి రోజూ ఉంది, నాకు కనబడలేదంతే.

యయాతి తప్పు శరీరానిదని అనుకున్నాడు, కొత్త శరీరం తెచ్చుకున్నాడు. మనం మామూలుగా తప్పు వస్తువుదని అనుకుని కొత్త వస్తువు తెచ్చుకుంటాం. మూడో చోటు చూసినవాడు యాజ్ఞవల్క్యుడు. బృహదారణ్యకోపనిషత్తులో రెండుసార్లు వచ్చే సంభాషణ అది. ఆయన ఇల్లు విడిచి వెళ్తూ, ఉన్న ఆస్తిని భార్యలు కాత్యాయనికీ మైత్రేయికీ పంచుతానంటాడు. ధనంతో నిండిన భూమి అంతా నాదైతే నాకు అమృతత్వం వస్తుందా అని మైత్రేయి అడుగుతుంది. రాదు, ఉన్నవాళ్ల బతుకులా నీ బతుకూ సాగుతుంది, అంతే అంటాడాయన. ఆ పైన చెప్పేది, భర్త కోసం భర్త ప్రియుడు కాడని, భార్య కోసం భార్య ప్రియురాలు కాదని, ఏది ప్రియమైనా ఆత్మ కోసమే ప్రియమవుతోందని. చిన్నప్పటి నుంచీ నాన్న నోట ఈ ఘట్టం విన్నాను. అది గొప్ప మాటేనని తెలుసు, నా మీదికి మాత్రం ఎప్పుడూ రాలేదు. ధనంతో నిండిన భూమి నాదై, నా పెట్టె నిండి, పొలాల మధ్య ఎటూ కదలబుద్ధి కాక నిలబడ్డాక వచ్చింది.

అయితే ఈ మాటను మనుషుల మీదికి తెచ్చేసరికి నాకు భయం వేస్తుంది. ఆ తీపి నేను పోసిందే అయితే, నా పిల్లలు ప్రియం కావడం కూడా అంతేనా? స్కైరిమ్‌లో లిడియా అనే అమ్మాయిని మనకు అంగరక్షకురాలిగా ఇస్తారు. ఎన్నాళ్లు వెంట తిరిగినా ఆమెకు నా గురించి కొత్తగా ఏదీ తెలియదు. నేను ఎవరినైనా చంపి ఎఫ్9 మీట నొక్కితే, అంతకుముందు దాచుకున్న చోటికి ఆట తిరిగి వెళ్తుంది. చచ్చినవాడు లేచి బేరమాడతాడు. చేసిన కర్మకు ఫలం లేదు, సాక్షి కూడా లేరు, నేను తప్ప. ఇంట్లో విసుక్కున్న ఒక్క మాటకు అలాంటి మీట లేదు. మా చిన్నదాని మొహంలో అది సాయంత్రం దాకా ఉంటుంది. నేను పోసింది అక్కడ ఇంకొకరి లోపలికి ఇంకుతోంది, ఆమె పోసింది నా లోపలికి వస్తోంది. ఉపనిషత్తు చెప్పే ఆత్మ నా ఒక్కదానిదే కాదని, అందరిలో ఉన్నది ఒకటేనని నాన్న జవాబు. ఆయన ఆ జవాబులో స్థిరంగా ఉన్నారు. నేను ఇంకా అక్కడికి చేరలేదు. నీ మాట నన్ను గందరగోళంలో పడేసిందని మైత్రేయి కూడా ఒకచోట భర్తతో అంటుంది. ఆమె అలా అడ్డుపడింది కాబట్టే ఆయన ఇంకా వివరించాడు.

ఆటలో నా ఇష్టం ఆఖరుదాకా నిలిచింది పార్థుర్నాక్స్ దగ్గర. ఆ ముసలి డ్రాగన్ ఒకప్పుడు ఆల్డుయిన్‌కు కుడిభుజం. మనుషుల పక్షానికి వచ్చి వాళ్లకు వాక్కు శక్తిని నేర్పాడు, కొండకొమ్మున ధ్యానంలో ఉంటాడు. క్రూరత్వం తన పుట్టుకలోనే ఉందనీ, రోజూ దాన్ని అణుచుకుంటూనే ఉన్నాననీ దాచకుండా చెబుతాడు. పాత నేరాలకు అతన్ని చంపితే తప్ప సాయం చేయనంటుంది డెల్ఫీన్ అనే మరో పాత్ర. నేను చంపలేదు. ఎఫ్9 నొక్కితే తిరిగి బతుకుతాడని తెలిసీ, చూద్దామని కూడా చంపలేదు. అతని ఎదుట నిలబడిన మనిషిని నేనే కాబట్టి, అది తిరగరాయగలిగిన పనిలా నాకు అనిపించలేదు. మిగతా లోకమంతా చప్పబడ్డాక కూడా ఆ ఒక్క నిర్ణయం చప్పబడలేదు. ఈ మాట చెబితే నాన్న చాలాసేపు ప్రశ్నలు వేశారు, ఆ డ్రాగన్ పేరు రెండుసార్లు పలికించుకున్నారు. ఈ కార్తీకంలో గుడిలో మైత్రేయి ఘట్టం చెప్పబోతున్నారు. ఒక సాయంత్రం నన్ను కూడా మాట్లాడమన్నారు. ఒప్పుకున్నాను, పార్థుర్నాక్స్‌తో మొదలుపెడతానని చెప్పాను.