బ్లేడు ఆగేదాకా

మియాపూర్ నుంచి వచ్చే మెట్రోకు మన ఎల్‌బీ నగరే చివరి స్టేషన్. రైలు పూర్తిగా ఆగాకే తలుపులు తెరుచుకుంటాయి.

వడ్రంగి అన్నలూ, 'పూర్తిగా ఆగాకే' అనే ఈ మాట మీకోసం. చట్రాలకు మూలకోత కోసే మైటర్ సా ముందు నిలబడ్డారు. కోత అయింది. స్విచ్ వదిలేశారు. మోత తగ్గింది. కానీ బ్లేడు తిరుగుతూనే ఉంది, ఆపేసిన ఫ్యానులాగా. పళ్లు కనబడవు. పలచని వెండిరేకులా మెరుస్తుందంతే. సరిగ్గా అప్పుడే తెగిన ముక్క కోసం చెయ్యి ముందుకెళ్తుంది.

వద్దన్నా! బ్లేడు ఆగేదాకా ఆగండి. అప్పటిదాకా దాన్ని పైకి కూడా ఎత్తకండి. తిరిగే పళ్లకు తగిలితే చిన్న ముక్క రాయిలా ఎగురుతుంది. అందుకే రక్షణ కళ్లద్దాలూ కావాలి. పని తొందర నాకు తెలుసు. అయినా ఆగండి.

ఇవాళ మొదటి కర్ర కోశాక, ఆ పళ్లు ఒక్కొక్కటీ విడిగా కనబడనివ్వండి. అప్పుడు చెయ్యి చాపండి.