ఎనిమిదవవాడు వచ్చువరకు

సమూయేలు బేత్లెహేమునకు వచ్చునప్పటికి వృద్ధుడు. ఇశ్రాయేలీయులకు అనేక సంవత్సరములు న్యాయము తీర్చినవాడు. బాల్యమందే షిలోహులో దేవుని స్వరము వినిన ప్రవక్త. అట్టివాడు కూడ యెష్షయి జ్యేష్ఠకుమారుడగు ఏలీయాబును చూడగానే, దేవుడు కోరుకొనినవాడు ఇతడేయని మనస్సులో నిశ్చయించుకొనెను. ఎవరును అతనిని మోసపుచ్చలేదు, లంచమియ్యలేదు. కన్ను చూచెను, మనస్సు తీర్పు చెప్పెను. ఆ రెంటి నడుమ ఒక్క ప్రశ్నకైనను చోటు లేకపోయెను.

ఆ తొందరపాటునకు కారణమును మొదటి సమూయేలు గ్రంథమే సూచించుచున్నది. మునుపు అతడు అభిషేకించిన సౌలు జనులందరిలో పొడగరి. ఆ సౌలు విసర్జింపబడెను. అతని కొరకు ప్రవక్త దుఃఖించెను. అయినను రాజు పోయెను గాని, రాజును కొలిచిన కొలబద్ద ప్రవక్త మనస్సులోనుండి పోలేదు. అందుచేతనే ఏలీయాబు ఎత్తును లక్ష్యపెట్టవద్దని దేవుడు ప్రత్యేకముగా హెచ్చరింపవలసివచ్చెను.

మనస్సు ఇట్లు అడ్డదారిన పోవుటను ఆధునిక శాస్త్రజ్ఞులు పరిశోధించియున్నారు. వారిలో ప్రముఖుడగు డేనియల్ కానెమన్‌కు ఆ పాఠము ఆ దేశమందే, నాయకులను ఎన్నుకొను పనిలోనే ఎదురాయెను. 1950వ దశకములో అతడు ఇశ్రాయేలు సైన్యములో అధికారులు కాదగినవారిని పరీక్షించుచుండెను. ఎనిమిదిమందికి ఒక పొడవైన దూలము నిచ్చెదరు. వారందరును గోడ ఆవలికి చేరవలెను. దూలము గాని, వారు గాని గోడను తాకరాదు. ఎవడు ముందునకు వచ్చెను, ఎవడు వెనుదీసెనని చూచి, ఎవడు మంచి నాయకుడగునో పరీక్షకులు నిస్సంకోచముగా వ్రాసెదరు. తరువాత శిక్షణాలయపు ఫలితములతో పోల్చి చూడగా, వారి అంచనా గుడ్డి ఊహకంటె కొంచెమే మేలని తేలెను. అది తెలిసిన తరువాత కూడ వారు మునుపటి ధైర్యముతోనే తీర్పు చెప్పిరి!

1955లో సైనికుల ఎంపిక కొరకు కానెమన్ వేరొక పద్ధతిని ఏర్పరచెను. ఆరు లక్షణములను ఒక్కొక్కటిగా విచారించి, ఒకదానికి మార్కులు వేసిన పిమ్మటనే రెండవదానికి పోవలెను. అంతయు ముగిసిన తరువాత కన్నులు మూసికొని ఆలోచించి, ఆ మనుష్యుని గూర్చిన మొత్తపు అభిప్రాయము చెప్పవలెను. ఫలితములు మెరుగుపడెను. చివర చెప్పిన అభిప్రాయమునకు కూడ విలువ కలిగెను. మొదట పనికిరాని అంతర్‌దృష్టి, విచారణ తరువాత పనికివచ్చెను. 1974లో అతడును ఏమోస్ ట్వెర్‌స్కీయు ప్రకటించిన వ్యాసము, మనుష్యులు పోలికను బట్టి ఎట్లు తప్పు తీర్పు తీర్చుదురో వివరించెను. 2002లో కానెమన్‌కు ఆర్థికశాస్త్రమందు నోబెల్ బహుమానము లభించెను.

యెష్షయి కుమారులయెదుట దేవుడు తన ప్రవక్తకు నేర్పినదియు ఇట్టి నిదానమే. ఏడుగురు ఒకని వెంబడి ఒకడు దాటిపోయిరి. ఒక్కొక్కని విషయమై వేరుగా తీర్పు కలిగెను. అప్పుడు సమూయేలు, కుమారులందరును వీరేనా అని అడిగెను. ఇదియే ఆ అధ్యాయములోని మహాప్రశ్న. ఎదుట నున్నదే సమస్తమని తలంచుట మనస్సు స్వభావము. ఎదుట లేనివానిని గూర్చి అడుగుట దేవుని స్వరము వినినవాని లక్షణము. గొఱ్ఱెల యొద్ద నున్నవానిని తండ్రియే తలంచలేదు. దావీదు కూడ చూపునకు సుందరుడే. కావున రూపమును తృణీకరించుమని ఈ కథ బోధింపదు. అదియు మరియొక అడ్డదారియే.

సంఘపెద్దల ఎన్నికలో, కాపరి నియామకములో, పెండ్లి సంబంధములో నేటికిని ఏలీయాబే ముందు నిలుచుచున్నాడు. గంభీరమైన కంఠము, ఇంటిపేరు, కులము, ధారాళమైన ఇంగ్లీషు — ఇవి చూడగానే సభ తల యూపును. బంగారు ఉంగరము గలవానికి మంచి పీఠము వేయు సంఘమును యాకోబు గద్దించుట ఇందుకే. పేర్లన్నియు చెప్పబడిన తరువాత, ఇంతవరకు ఎవరి పేరు ఎత్తలేదని ఒక్కరైనను అడిగిన సంఘము ధన్యమైనది. బహుశః ఆ మనుష్యుడు ఆ వేళ ఒక రోగి మంచము నొద్ద కూర్చుండియుండును.

నజరేతను పేరు వినగానే నతనయేలు కూడ తీర్పు తీర్చెను. అయినను లేచి వచ్చి చూచెను. మొదటి తలంపు ఎవనికైనను కలుగును; దానినే కడపటి మాటగా చేసికొనుటయే అపాయము. బేత్లెహేములో దావీదు వచ్చువరకు ప్రవక్త కూర్చుండలేదు. అతని కొమ్ములోని తైలము నిండుగానే యుండెను. తొందరపడి ఒలికిన తైలము మరల కొమ్ములోనికి రాదు.