గొడవ ఎంత అని ఎవరు కొలిచారు?

లివర్‌పూల్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి బయటికొచ్చిన ఒక తాతనీ మనవరాలినీ ఊహించుకుందాం. ఆమె ఫోనులో లండన్ వెంబ్లీ స్టేడియం వీడియో నడుస్తోంది. 2021 జూలై 11న, యూరో ఫైనల్ నాడు, టికెట్ లేనివాళ్లు గేట్లు తోసుకుని లోపలికి జొరబడుతున్నారు.

“చూడు తాతయ్యా, గొడవలు ఎంత పెరిగిపోయాయో!”

“పెరగడమా! 1985 మార్చిలో లూటన్ మైదానంలో మిల్‌వాల్ జట్టు అభిమానులు కుర్చీలు పీకి విసిరారు. అదే ఏడాది మే 29న బ్రసెల్స్‌లో, హేసెల్ స్టేడియంలో మన లివర్‌పూల్ వాళ్లు జువెంటస్ అభిమానుల మీదికి ఉరికారు. వాళ్లు వెనక్కి తగ్గి గోడ దగ్గర ఇరుక్కుపోయారు. గోడ కూలింది. 39 మంది పోయారు తల్లీ. ఆ తప్పు మనవాళ్లదే.”

“మరి వీధుల్లో కొట్లాటలో?”

“శనివారమంటే అవి ఉండేవే. వాటిని గొడవ అనుకునేవాళ్లమే కాదు.”

మనవరాలు ఆ మాటనే పట్టుకుంది. అలవాటైపోయిన దెబ్బను తాత తరం లెక్కలో వేయలేదు. ఈమె తరానికి ఎక్కడ సీసా విసిరినా నిమిషంలో అరచేతిలో కనిపిస్తుంది. పెద్ద స్టేడియాల లోపల పరిస్థితి బాగుపడిన మాట నిజమే. అందరికీ సీట్లొచ్చాయి, గొడవ చేసినవాణ్ని మళ్లీ మ్యాచ్‌కి రాకుండా కోర్టులు ఆపుతున్నాయి. అయినా జ్ఞాపకమొక్కటే, ఫోనొక్కటే తీర్పు చెప్పలేవు.

“అయితే దేన్ని నమ్మాలి?”

తాత లివర్‌పూల్ జట్టు స్టేడియం ఆన్‌ఫీల్డ్ దగ్గర, చనిపోయిన 97 మంది అభిమానుల పేర్లున్న స్మారకం ముందు ఆగాడు. అందులో అందరికన్నా చిన్నవాడికి పదేళ్లు.

“1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియం. మేం మైదానంలోకి దూకుతామన్న భయంతో ముందే ఇనుప కంచె కట్టారు. అప్పటికే కిక్కిరిసిన చోటికి పోలీసులు తెరిచిన గేటు గుండా ఇంకా జనం వచ్చారు. ఊపిరాడక కంచె ఎక్కుతున్నవాళ్లను చూసి, మైదానంలోకి చొరబడుతున్నారని పోలీసులు మొదట అనుకున్నారు.”

“ప్రాణం కాపాడుకోవడం కూడా గొడవలా కనబడిందా?”

“మా మీద ముందే ఆ ముద్ర వేసేశారు కదా. తప్పు అభిమానులది కాదని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది.”

వెంబ్లీలో గేట్లు తోసిన ఆ జూలైలోనే, హిల్స్‌బరో గాయాలతో 32 ఏళ్లు బతికిన ఒక అభిమాని కన్నుమూశాడు. 97వ పేరు ఆయనదే.