స్థపతి ధర్మము

సర్వవ్యాపకుడైన శ్రీమన్నారాయణునకు నాలుగు గోడల నడుమ ఒక గృహము ఎందులకు? ఈ ప్రశ్నను పలువురు అడుగుచుందురు. దీనికి మన పూర్వాచార్యులు చెప్పిన సమాధానము మిక్కిలి మధురమైనది. పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చారూపములైదింటిలో అర్చారూపము అందరికిని అందునట్టిది. ఆ రూపమున స్వామి తన స్వాతంత్ర్యమును తానే విడిచిపెట్టి, భక్తుడు మేలుకొలిపినపుడు మేలుకొనుచు, నివేదించినపుడు ఆరగించుచు, మనము కట్టిన ఇంటనే వసించుచున్నాడు. సకల లోకములకు ఆధారమైనవాడు ఒక కప్పునకు అధీనుడై యున్నాడు. అట్టి కప్పును నిలుపువాని బాధ్యత ఎంతటిదో భక్తమహాశయులు ఊహింపవచ్చును.

ఆ నిర్మాతకు శాస్త్రము పెట్టిన పేరు స్థపతి. మయమతము, మానసారము మున్నగు గ్రంథములు శిల్పులను నాలుగు విధములుగా చెప్పినవి. తక్షకుడు చెక్కును. వర్ధకి చెక్కిన వానిని కూర్చును. సూత్రగ్రాహి కొలతలు పట్టును. ఈ మువ్వురకు పైన నిలిచి మొత్తము పనికి జవాబు చెప్పువాడు స్థపతి. అతనికి శాస్త్రజ్ఞానము చాలదనియు, సత్యవాక్కు, ఇంద్రియనిగ్రహము, అసూయ లేమి కూడ ఉండవలెననియు ఆ గ్రంథములే విధించినవి. రాతిని కొలుచువాడు ముందుగా తన్ను తాను కొలుచుకొనవలెనని దీని తాత్పర్యము.

నేడు ఈ వృత్తి రూపము మారినది. పూర్వము కుమారుడు తండ్రి ప్రక్కన కూర్చుండి, ఉలి పట్టుట మొదలుకొని ఆయాది గణితము వరకు నేర్చుకొనెడివాడు. తరువాత 1957లో మహాబలిపురమునందును, 1960లో తిరుమల తిరుపతి దేవస్థానముల వారి యాజమాన్యమున తిరుపతియందును శిల్ప విద్యాలయములు వెలసి, ఆ విద్యను అభ్యసింపగోరువారికి ద్వారములు తెరచినవి. 1972వ సంవత్సరపు చట్టము ప్రకారము ఆర్కిటెక్టు అను పేరు వాడుకొనుటకు తగిన పట్టము, ప్రభుత్వ విధానమున నమోదు ఆవశ్యకములైనవి. అందుచే తరతరములుగా ఆలయములు కట్టిన వంశమువాడైనను ఆ నమోదు లేనిచో ఆ పేరు చెప్పుకొనరాదు. రాతిని యంత్రపు రంపము కోయుచున్నది, క్రేను ఎత్తుచున్నది. ఎఱ్ఱమన్నులో ముంచిన దారముతో నేలమీద గీసిన గీతలు ఇప్పుడు కంప్యూటరు తెరమీద కనబడుచున్నవి.

దీనిని చూచి, కలియుగ ప్రభావమని నిట్టూర్చువారు కలరు. కాని ఆలోచించినచో శిల కూడ ఒకనాటికి క్రొత్తదియే. ఏడవ శతాబ్దమున పల్లవ మహేంద్రవర్మ మండగపట్టున కొండను తొలిపించి, ఇటుక, కొయ్య, లోహము, సున్నము లేకుండ బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు ఆలయము చేయించితినని శాసనము వ్రాయించెను. విశేషముగా చెప్పుకొనవలసినంతటి క్రొత్త పని అది. ఆ క్రొత్తయే మనకు పాతయై, పూజ్యమైనది. విజయనగర ప్రభువుల కాలమున మొదటి భాగముతోనే ఆగిపోయిన శ్రీరంగ రాజగోపురము, శ్రీ అహోబిల మఠము వారి పూనికతో 13 అంతస్తులు, 236 అడుగుల ఎత్తు కలదై 1987లో పూర్తియయ్యెను. యాదగిరి లక్ష్మీనృసింహస్వామి ఆలయము కృష్ణశిలతో పునర్నిర్మితమై 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణము జరుపుకొన్నది. కావున విద్య నశింపలేదు, పనిముట్లు మారుటయు దోషము కాదు. అట్లయిన మారరానిది ఏది? నాకు తెలిసిన ఒక ఉదంతమును మనవి చేసెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రాంతమున ఒక చిన్న వేణుగోపాలస్వామి ఆలయమునకు జీర్ణోద్ధరణము తలపెట్టిరి. బాలాలయము చేసి స్వామిని అందు వేంచేపు చేసిరి. పనికి వచ్చిన స్థపతి డెబ్బది యేండ్ల వృద్ధుడు. ఆయన కుమారుడు ఇంజనీరింగు చదివినవాడు, గీతలన్నియు కంప్యూటరుపైననే గీయును. ఊరి పెద్దలకు ఒక కోరిక కలిగెను. క్రొత్త రహదారి నుండి కనబడునట్లు విమానమునకు ఇంకొక తలము పెంచవలెనని వారి తలపు. గర్భగృహము మాత్రము పాతదే యుండును. గర్భగృహపు వెడల్పును బట్టియే విమానపు ఎత్తు నిర్ణయమగునని నేను చదువుకొన్నవాడనే. అయినను పెద్దలు మా ఇంటికి వచ్చి, "స్వామీ, ఇన్ని సంహితలున్నవి కదా, ఎక్కడనో ఒకచోట ఆధారము దొరకకపోవునా?" అని అడిగిరి. వారు చూపిన గౌరవము నా మనస్సును మెత్తపరచెను. రెండు రాత్రులు గ్రంథములు తిరగవేసితిని. శాస్త్రము ఏమి చెప్పుచున్నదో తెలిసికొనుటకు కాదు, మాకు కావలసినదానిని దానిచేత చెప్పించుటకు. సందర్భము వేరైన ఒక వాక్యమును పట్టుకొని కాగితముపై వ్రాసికొంటిని. ఈ దోషమును ఇచ్చట ఒప్పుకొనుచున్నాను.

మరునాడు ఆలయమున అందరము కూడితిమి. ఇనుప చువ్వలు కట్టి కాంక్రీటు పోసినచో అదనపు బరువు నిలుచునని కుమారుడు లెక్క చూపెను. తండ్రి ఆ లెక్కను తప్పుపట్టలేదు. "నాయనా, ఆ ఇనుము ఎన్నాళ్లుండును?" అని మాత్రము అడిగెను.

కుమారుడు కొంతసేపు ఊరకుండి, "నీరు దిగినచో ఇనుము త్రుప్పు పట్టి ఉబ్బును, చుట్టునున్న కాంక్రీటు పగులును. శ్రద్ధగా చూచుకొన్నచో కొన్ని పదుల యేండ్లు ఉండును నాన్నగారూ. అంతకు మించి నేను మాట ఇవ్వలేను" అనెను.

"ప్రతిష్ఠనాడు ఆచంద్రార్కము ఇచ్చట ఉండుమని స్వామిని వేడుకొందుము. ఆయనను ఉండుమని చెప్పి, ఆయన ఇంటికి మనము గడువు పెట్టుదుమా?" అని వృద్ధుడు నావైపు తిరిగెను. "స్వామీ, మీరు ఆధారము చూపినచో నేను కట్టెదను. రేపు పగులు వచ్చిననాడు ఊరివారు మీయొద్దకు రారు, నాయొద్దకే వత్తురు. వేణుగోపాలుడు మాత్రము మన ఇద్దరిని అడుగును."

నేను కాగితమును మడిచి సంచిలో పెట్టుకొంటిని. ఆధారము లేదని చెప్పితిని. పెద్దలకు కోపము వచ్చినది. ఒక దాత తాను ఇచ్చెదనన్న సొమ్ము ఇవ్వలేదు. పని ఆలస్యమైనది.

అంతటితో కథ ముగియలేదు. కుమారుడు తన కొలత యంత్రముతో పరీక్షించి, ఉత్తరపు గోడ ఒకవైపు క్రుంగినదని కనుగొనెను. అంతకు ముందే తండ్రి లంబసూత్రము పట్టి చూచి, బాగున్నదని చెప్పియుండెను. ఇప్పుడు ఆయన మరల కొలిపించి చూచి, "నా కన్ను తప్పినది, నీ యంత్రము నిజము చెప్పినది" అని అందరియెదుట పలికి, ఆ గోడను పునాది వరకు విప్పించి మరల కట్టించెను.

ఆనాడు నాకు స్పష్టమైనది ఇది. స్థపతి ధర్మము ఉలిలోను లేదు, కంప్యూటరులోను లేదు. తెలియనిదానిని తెలియదనుట, నిలువనిదానిని నిలువదనుట, తప్పినదానిని తప్పినదనుట ఆ ధర్మము. శిలను కొను శక్తి లేని ఊరు ఇటుకతోనో కాంక్రీటుతోనో స్వామికి ఇల్లు కట్టుట అపచారము కాదు. దాని ఆయువును దాచిపెట్టుట అపచారము. రాయి కూడ శాశ్వతము కాదు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 494 సంవత్సరములు నిలిచి, 2010 మే 26న కూలిపోయినది. మరల కట్టిన గోపురము 2017లో ప్రతిష్ఠితమైనది. ఎంతటి కట్టడమైనను నిత్యము కనిపెట్టుకొని యుండు కన్ను కావలెనని అది మనకు బోధించుచున్నది.

నేటి వృత్తిలో గీయువాడు ఒకడు, లెక్క వేయువాడు మరియొకడు, కట్టువాడు వేరొకడు, ధనమిచ్చువాడు ఇంకొకడు. పనిని పంచుకొనుట మంచిదే. కాని నలుగురున్నంత మాత్రమున బాధ్యత నాలుగు పాళ్లు కాదు, ప్రతివానికిని అది సంపూర్ణముగనే యుండును. ఎత్తు కోరిన దాతకు, వేగము కోరిన పెద్దకు, ఆధారము వెదకిన పండితునకు కూడ అందు భాగము కలదు.

పంచవటిలో పర్ణశాలకు తగిన చోటు చూడుమని శ్రీరాముడు లక్ష్మణునితో అనెను. లక్ష్మణుడు అంజలి ఘటించి, తాను పరతంత్రుడననియు, చోటు స్వామియే చూపి కట్టుమని ఆజ్ఞాపింపవలెననియు విన్నవించెను. శ్రీరాముడు అతని చేయి పట్టుకొని చోటు చూపెను. లక్ష్మణుడు మట్టిగోడలు పెట్టి, వెదుళ్లు నిలిపి, జమ్మికొమ్మలు పరచి, రెల్లు కప్పి గోదావరీ తీరమున ఆ ఇంటిని కట్టెను. నేర్పు తనది, నిర్ణయము స్వామిది. ఆ పర్ణశాల నేడు లేదు. కాని దానిని చూచి శ్రీరాముడు లక్ష్మణుని గాఢముగా కౌగిలించుకొనెనని ఆదికవి చెప్పినది నిలిచియున్నది.

ఏ పనిముట్టు పట్టినను, ఆ కౌగిలికి తగినట్లు కట్టితినా అని ప్రతి స్థపతియు, కట్టించితినా అని ప్రతి భక్తుడును తన్ను తాను ప్రశ్నించుకొనుగాక. అట్టి సద్బుద్ధిని శ్రీనివాసుడు మనకెల్లరకు ప్రసాదించుగాక.