ఉత్తేజము – ఉద్రేకము

ఉత్తేజము, ఉద్రేకము అను పదములను లోకమున ఒకదానికి బదులొకటి వాడుట కలదు. రెండును ‘ఉత్’ అను ఉపసర్గతో కూడినవే. రెండును మనస్సు కదలుటనే తెలుపును. కాని ధాతువులు వేఱు. తిజ ధాతువునకు పదును పెట్టుట అర్థము. రిచ ధాతువునకు వెలికి పోవుట అర్థము. పదునెక్కిన కత్తి పట్టినవాని స్వాధీనమున నుండును. పొంగిన పాలు గిన్నెలో నిలువక, పొయ్యిని గూడ ఆర్పివేయును.

శ్రీమద్రామాయణమున ఈ రెండును కలవు. సముద్రతీరమున మౌనియై కూర్చున్న హనుమంతునకు జాంబవంతుడు అతని జన్మమును, బలమును జ్ఞప్తికి తెచ్చెను. లేనిదానిని కల్పింపలేదు, ఉన్నదానికే పదును పెట్టెను. పట్టాభిషేకవార్త విని సంతసించి, చెప్పిన మంథరకు ఆభరణమిచ్చిన కైకేయిలోనో, ఆ మంథరయే భయమును, అసూయను పొంగించెను.

అయితే ఎదుటివానిని ఎగదోయు ప్రతివాడును తానే జాంబవంతుడనని తలంచును. మఱి గుఱుతేమి? రేపల్లె అనగానే తెలుగువారికి కృష్ణాతీరమందలి ఊరితోపాటు గోపాలుని పల్లెయు స్ఫురించును. ఇంద్రయాగము మాని గోవర్ధనమును పూజింపుడని నందాదులను ప్రేరేపించినవాడు బాలకృష్ణుడే. రాళ్లవాన కురిసినప్పుడు ఏడుదినములు కొండనెత్తి పట్టినవాడును ఆతడే. చెప్పినవాడు ఫలమును గూడ భరించుటయే గుఱుతు.

బాపట్ల ప్రాంతమున, పెదనందిపాడు ఫిర్కా రైతులు 1921–22లో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున శిస్తు కట్టక, జప్తులకు ఓర్చి, శాంతముగా నిలిచిరి. అది ఉత్తేజము. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా యందు ఉద్రిక్తజనము ఠాణాకు నిప్పు పెట్టగా, గాంధీజీ ఐదుదినములు ఉపవసించి, ఉద్యమమును నిలిపెను. మార్చిలో న్యాయస్థానమున ఆ దోషభారమును తనపై వేసికొనెను.

1942 ఆగస్టు 9న నాయకులు చెఱసాలల పాలైరి. పట్టి నిలుపువారు లేని ఆ దినములలో, 12వ తేదీన తెనాలి రైల్వేస్టేషను తగులబడెను. పోలీసు కాల్పులలో ఏడుగురు ప్రాణములు విడిచిరి. రణరంగచౌకులోని వారి స్మారకము వందనీయము. పదును పెట్టినవారు చెంత నుండుట ఎంత అవసరమో కూడ అది తెలుపుచున్నది.

ఇంటింటను ఇట్టిదే కలదు. అన్నదమ్ముల పంపకములలో, అత్తాకోడండ్ర మాటపట్టింపులలో ఒక మాట అందించి తొలగిపోవువారు పెక్కురు. నోరు తెఱచుటకు ముందు, ‘వాన కురిసిన ఈ కొండను నేను పట్టుదునా?’ అని తన్ను తాను ప్రశ్నించుకొనువాని మాటయే ఉత్తేజము. పట్టలేనివానికి మౌనమే మేలు. బాపట్లలో వెలసిన భావనారాయణస్వామి ఆ వివేకమును ఎల్లరకు అనుగ్రహించుగాక.